మొలకలకు మెమో

తలుపు మూడో తన్నుకి ఊడింది.

లోపల గదంతా ఊదారంగు వెలుగు. మూలనున్న చెక్క బీరువా సందుల్లోంచి ఆ వెలుగు కారుతోంది. లోపల ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు. మెట్ల మీద నిలబడ్డ ఇంటి యజమాని అప్పటికే ముగ్గురు దేవుళ్లకి మొక్కేశాడు.

"క్షుద్రపూజలండీ, నే చెప్పలా! రేత్రనక పగలనక అదే వెలుగు. కరెంటు మీటరు బొంగరంలాగ తిరిగిపోతందండి బాబూ!"

ఎస్సై ప్రణీత్ వర్మ రివాల్వర్ తీశాడు. ఉద్యోగంలో చేరాక దాన్ని బయటికి తీయడం అదే మొదటిసారి. ఏ చేత్తో పట్టుకోవాలో తేల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా హెడ్ కానిస్టేబుల్ కుడుపూడి మంగతాయారు లాఠీ కొసతో బీరువా తలుపు తెరిచేసింది.

పుర్రెలు లేవు. నిమ్మకాయలు లేవు. ఎనిమిది నల్లటి కుండీలు, వాటిలో ఎనిమిది మొలకలు. ఒక్కోటీ వేలెడంత కూడా లేదు. పైన ఊదారంగు దీపం, పక్కన బుల్లి ఫ్యాను. ఆ గాలికి మొలకలు తలలూపుతూ పోలీసులకి స్వాగతం చెబుతున్నట్టున్నాయి.

"మెంతికూర లాగుందండి," అన్నాడు కానిస్టేబుల్ ఏసుపాదం.

మంచం కిందనుంచి ఒక కుర్రాడు పాక్కుంటూ వచ్చాడు. కళ్లజోడు, చిరిగిన బనీను. పేరు ఆకొండి తేజోమూర్తి. ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాడు.

"కాల్చకండి సార్! నిన్ననే మొలిచాయి. పసివాళ్లు సార్!"

"ఎవరు పసివాళ్లు? ఏంటవి?" అన్నాడు వర్మ.

తేజోమూర్తికి అబద్ధం ఆడటం రాదు. ఆ ఒక్క లోపం వల్లే ఈ కథంతా జరిగింది.

"గంజాయి సార్," అన్నాడు.

*

రాజులమెట్ట టూటౌన్ పోలీస్ స్టేషన్‌కి ఆ రోజు రెండు గండాలు. ఒకటి తేజోమూర్తి. రెండోది 'పచ్చని ఠాణా'.

'పచ్చని ఠాణా' పథకం కింద ప్రతి స్టేషనూ మొక్కలు నాటాలి. నాటి ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. టూటౌన్‌కి మొక్కలు ఎప్పుడో వచ్చాయి. స్టేషన్ ఆవరణంతా సిమెంటు కాబట్టి వాటిని తెచ్చిన వ్యాన్ పక్కనే నిలబెట్టారు. ఇసుక లారీ ఒకటి పట్టుకొచ్చి వాటి మీదే పార్క్ చేశారు. అంతటితో పచ్చదనం సమాప్తం.

గడువు ఆ సాయంత్రమే. వర్మ కోర్టు నుంచి ఫోన్ చేశాడు.

"మంగతాయారు గారూ, జిల్లాలో మనదొక్కటే సున్నా అంట. ఎస్పీ గారు నా పేరు అడిగి మరీ రాసుకున్నారు. ఏదో ఒక మొక్క ఫొటో పెట్టేయండి. తర్వాత మార్చుకుందాం."

"ఏ మొక్క సార్? ఇక్కడ తులసి కోట కూడా లేదు."

"ఏదైనా సరే! కుండీలో ఉంటే చాలు!"

కుండీలో ఉన్నవి వరండాలో ఎనిమిది ఉన్నాయి. వాటికింకా పంచనామా చీటీలు కట్టలేదు. మంగతాయారు ఒక్కో కుండీకి ఒక్కో ఫొటో తీసింది. ఫొటో తీసిన చోటు యాప్ తనంతట తానే పసిగట్టి నమోదు చేసుకుంది. మొక్క రకం ఏమిటని అడిగింది. పండ్ల మొక్క, పూల మొక్క, నీడనిచ్చే మొక్క, ఔషధ మొక్క. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఉన్నవాటిలో అబద్ధం తక్కువ ఉన్నదాన్ని నొక్కింది. సంరక్షకుల పేరు దగ్గర తన పేరు రాసింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఖాళీ కనిపిస్తే పేరు రాయడం అలవాటైపోయింది.

ఫోన్ తెర మీద పూలవాన కురిసింది. 'అభినందనలు! మీరు ఎనిమిది ప్రాణాలకు తల్లి అయ్యారు.'

"బాలింతరాలివి అక్కా, నడుం కట్టుకో," అన్నాడు ఏసుపాదం.

"నోర్ముయ్యరా," అంది మంగతాయారు.

మర్నాడు వాటిని తీసేసి బంతి మొక్కలు పెడదామనుకుంది. తీసేయడానికి మీట ఎక్కడా లేదు. ఫోన్ తిరగేసి చూసింది, బోర్లించి చూసింది. పెట్టడానికి ఉంది గాని తీయడానికి లేదు.

*

మత్తు నిరోధక విభాగం నుంచి డీఎస్పీ పాలడుగు జయసింహ వచ్చాడు. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో అరెస్టు చేయబోతున్నట్టు ఉంటాడు. మొలకల్ని వంగి చూశాడు.

"నమూనా తీసి, ఫొటో తీసి, మిగతావి తగలబెట్టండి. నిబంధన."

"సార్," అని మంగతాయారు జరిగింది చెప్పింది. ఆయన మొహంలో మార్పేమీ రాలేదు. అది మార్పులు వచ్చే మొహం కాదు.

వర్మ వెంటనే 'పచ్చని ఠాణా' జిల్లా సమన్వయాధికారి చామర్తి శేషతల్పశాయికి ఫోన్ చేశాడు. ఆయన అరగంటలో పచ్చ చొక్కా, పచ్చ ఉత్తరీయంతో, పచ్చ రంగేసిన కారులో దిగాడు. మొలకల ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించాడు.

"ఏపుగా ఉన్నాయమ్మా! ఏం జాతి?"

"గంజాయండి."

శేషతల్పశాయి చేతులు జోడించినవి జోడించినట్టే ఉంచాడు.

"నిషిద్ధమా, అనిషిద్ధమా అన్నది హోం శాఖ పరిధి. హరిత దృక్పథంలో మొక్క అన్నది మొక్కయే. నమోదైన మొక్కకు హాని కలిగించిన సిబ్బందిపై తక్షణ సస్పెన్షన్ వేటు పడుతుంది. ఇది నా మాట కాదు, ఉత్తర్వు మాట."

"గంజాయి మొక్కని స్టేషన్లో పెంచుకోమంటారా?" అన్నాడు జయసింహ.

"పెంచుకోమనను. సంరక్షించమంటాను. ఈ రెండింటికీ హస్తిమశకాంతరం."

"ధ్వంసానికి జిల్లా కమిటీ అనుమతి తెస్తాను."

"తప్పక తెండి. కమిటీ అధ్యక్షుణ్ణి నేనే."

"మరి సంతకం పెట్టండి!"

"ఎలా పెడతానండీ? మొక్కను చంపమని అధ్యక్షుడి హోదాలో సంతకం పెడితే, ఎందుకు చంపనిచ్చావని సమన్వయాధికారి హోదాలో నన్ను నేను సంజాయిషీ అడగాలి. అడిగితే నేను జవాబివ్వాలి. నా జవాబు నాకు తృప్తికరంగా ఉండదని నాకిప్పుడే తెలుసు."

తేజోమూర్తి బీరువాలోంచి తెచ్చిన బుల్లి ఫ్యాను పక్కనే తిరుగుతోంది. ఎవరో అలవాటుగా ప్లగ్గు పెట్టేశారు.

చివరికి ఇద్దరు అధికారులూ ఒక అంగీకారానికి వచ్చారు. మొలకలు చావరాదు, ఎందుకంటే అవి నమోదిత మొక్కలు. మొలకలు పూయరాదు, ఎందుకంటే చట్టం దృష్టిలో గంజాయి అంటే పూతే. కాబట్టి కోర్టు తేల్చేదాకా వాటిని మొలక దశలోనే యథాతథ స్థితిలో ఉంచవలెను.

"ఎవరు ఉంచాలండి?" అంది మంగతాయారు.

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు చూశారు.

జయసింహ జీపు ఎక్కబోతూ ఆగాడు. "చూడమ్మా. మొలకని పట్టుకుంటే అది వాడి సాగు. పువ్వు కనబడితే అది నీ సరుకు. ఎవరి చేతి నీళ్లతో పూస్తే వాళ్లే ముద్దాయి. నేను మనుషుల్ని చూడను, చట్టాన్ని చూస్తాను."

మంగతాయారు పేరు ఏఎస్సై ప్రమోషన్ జాబితాలో ఉంది. మొలక చస్తే సస్పెన్షన్. పూస్తే జైలు. ఆమె ఆ ఎనిమిదింటి వైపూ చూసింది. అవి తలలూపాయి.

*

ఆ రోజు నుంచి టూటౌన్‌లో శాంతిభద్రతలంటే నీళ్లూ వెలుతురూ.

వరండాలో ఎండ మాడ్చేస్తోంది. స్టేషన్ వెనక పందికొక్కులు. గాలీ వానా ఎండా కుక్కా తగలని చోటు ఆ భవనంలో ఒక్కటే, లాకప్. కాబట్టి ఊదారంగు దీపంతో, ఫ్యానుతో సహా మొలకలు లోపలికి వెళ్లాయి. లోపలున్న జేబుదొంగ బయటికొచ్చాడు.

"ఇదేం అన్యాయమండీ! నేను ముద్దాయిని! నాకో మర్యాద ఉంటది. మొక్కలకి ఫ్యాను, నాకు దోమలా?"

"నిన్ను యాప్‌లో ఎక్కించలేదురా. ఎక్కించాక నీకూ పెడతాం," అన్నాడు ఏసుపాదం.

మొలకల కాపలాకి మనుషులు చాలలేదు. హైవే చెక్‌పోస్టు మీదున్న నలుగురిలో ముగ్గుర్ని వెనక్కి పిలిపించారు. మిగిలిన ఒక్కడూ చేయి ఊపుతూ ఉండేవాడు. కొండల మీంచి వచ్చే లారీలు టార్పాలిన్లు బిగించుకుని, హారన్ కొట్టి, అతనికి నమస్కారం పెట్టి మరీ వెళ్లేవి.

ప్రతి షిఫ్టులోనూ ప్రతివాడూ బాధ్యత చూపించాడు. చూపించడానికి దగ్గరున్న మార్గం చెంబే. పొద్దున షిఫ్టువాడు నీళ్లు పోశాడు. ముందువాడు పోశాడో లేదోనని మధ్యాహ్నంవాడు పోశాడు. వర్మ రౌండ్స్‌కి వచ్చి, తన వంతుగా వాటర్ బాటిల్ వంచాడు. నాలుగు రోజులు తిరిగేసరికి ఒక మొలక ఆకులు వేలాడేసి నేలవైపు చూడటం మొదలెట్టింది.

"పోతోంది! పోతోంది!" వర్మ గొంతు ఆడగొంతైపోయింది. "నీళ్లు పొయ్యండి!"

సరిగ్గా అప్పుడే తేజోమూర్తి లోపలికొచ్చాడు. బెయిలు దొరికింది. రోజూ స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టాలన్నది షరతు. లాకప్ ఊచల్లోంచి ఊదారంగు వెలుగు చూసి అలవాటుగా దగ్గరికెళ్లి, నెత్తి కొట్టుకున్నాడు.

"ఎవరు మేడమ్ ఇన్ని నీళ్లు పోసింది? వీటి వేళ్లు ఊపిరాడక చస్తున్నాయి! మట్టి పైన ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆ లైటు అంత పైన కట్టారేంటి? వెలుగు కోసం సాగి సాగి కాడ ఎలా సన్నబడిపోయిందో చూడండి!"

మంగతాయారు అతన్ని ఎగాదిగా చూసింది.

"నీకు బాగా తెలుసా?"

"ఏం తెలీదు మేడమ్. ఇది నా మొదటి పంట. దీనికి ముందు వేసిన రెండింటినీ నేనూ ఇలాగే నీళ్లు పోసి చంపేశాను."

"చాలు. నీకు మాకంటే రెండు చావులు ఎక్కువ తెలుసు. కూర్చో."

అలా ముద్దాయి, సలహాదారు అయ్యాడు. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, కుర్చీ లాక్కుని లాకప్ ముందు కూర్చునేవాడు. దీపం దించించాడు. నీళ్లకి మందుల సీసా మూత కొలత పెట్టాడు. సొంత చొరవతో ఎవరైనా చెంబెత్తితే వాళ్ల మీద కేకలేసేవాడు. ముద్దాయి పోలీసుల మీద కేకలేస్తుంటే బెంచీ మీది జేబుదొంగకి ప్రాణం లేచొచ్చేది.

మొలకలు కోలుకున్నాయి. ఆకులు వేశాయి. కొత్త ఆకు వేసినప్పుడల్లా ఏసుపాదం వైర్‌లెస్‌లో చెప్పేవాడు. జిల్లాలో మిగతా ఠాణాల మొక్కలన్నీ ఎండలో మాడిపోతుంటే టూటౌన్‌లో ఎనిమిదికి ఎనిమిదీ నవనవలాడుతున్నాయి. 'పచ్చని ఠాణా'లో రాజులమెట్ట టూటౌన్ మొదటి స్థానానికి వచ్చింది. వర్మ ఆ విషయాన్ని ఫ్లెక్సీ కొట్టించి స్టేషన్ గోడకి కట్టించాడు. మొక్క పేరు మాత్రం వేయలేదు.

*

"మేడమ్, మీకొకటి చెప్పాలి," అన్నాడు తేజోమూర్తి ఒక మధ్యాహ్నం.

"ఏంటి? పురుగా?"

"కాదు. ఇవి ఆటోలు."

"ఆటోలేంటి నాయనా, మొక్కలైతేను."

"ఆటో రకం మేడమ్. మామూలు గంజాయైతే రోజులో ఎక్కువసేపు దీపం వేసి ఉంచితే పూయదు, ఆకుల మీదే ఉండిపోతుంది. ఇవి అలా కాదు. దీపంతోనూ చీకటితోనూ వీటికి పనిలేదు. వయసొస్తే పూసేస్తాయి. పూశాక ఎండిపోతాయి. నాలాంటి కొత్తవాళ్లకి సులువని ఈ విత్తనాలే అమ్ముతారు."

మంగతాయారు స్టూలు మీద కూలబడింది. "ఆపలేవా?"

"నేను కాదు, ఎవరూ ఆపలేరు."

"కత్తిరిస్తే?"

"అది హాని కదా మేడమ్. నమోదైన మొక్క."

ఆమె ఫోన్ తీసి జయసింహకి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పూయడానికి వాటికి ఎవరు అనుమతిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. వాటంతట అవే..."

"ఈ జిల్లాలో ఏదీ దానంతట అది జరగదు. యథాతథ స్థితి ఉత్తర్వు ఉంది. ఉత్తర్వు సంగతి వాటికి తెలియజేశారా?"

మంగతాయారు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, అది తన ఫోనేనా అని చూసుకుంది. "మొక్కలకా సార్?"

"సంబంధిత పార్టీకి ఉత్తర్వు అందజేయకపోతే రేపు కోర్టులో మనం ఏం చెప్పుకుంటాం? మెమో ఇవ్వండి."

మెమో వచ్చింది. పైనుంచి కింద దాకా ఏకవాక్యం. 'టూటౌన్ లాకప్ నందు ఉంచబడిన ఎనిమిది మొలకలు తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు ఏ విధమైన మొగ్గ, పూత, కాయ ధరించరాదనియు, ఉల్లంఘించిన యెడల తగు చర్య గైకొనబడుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.' ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో ఏసుపాదం దాన్ని ఒక్కో కుండీ ముందూ గొంతెత్తి చదివాడు. ఎనిమిదో కుండీ దగ్గరికి వచ్చేసరికి అతనికి కంఠతా వచ్చేసింది. తర్వాత ప్రతి కుండీకీ ఒక ప్రతి అంటించారు. అందుకున్నట్టు సంతకం చేయాల్సిన చోట, వర్మ బాగా ఆలోచించి, 'స్వీకరించుటకు నిరాకరించినవి' అని రాశాడు.

"నిరాకరించడం కూడా నేరమే సార్," అన్నాడు ఏసుపాదం.

"ఆ సెక్షన్ కూడా కలపండి," అన్నాడు వర్మ.

తేజోమూర్తి మంగతాయారు పక్కకి జరిగి మెల్లగా అన్నాడు. "మేడమ్, డీఎస్పీ గారు నన్ను పిలిపించారు. పూత మీ పెంపకమేనని చెబితే నా కేసు తేలిక చేస్తారంట. నన్ను సాక్షిగా మార్చేస్తారంట."

ఆమె అతని వైపు తిరగలేదు. "ఏం చెప్పావు?"

"చెప్పనన్నాను. నీళ్లు ఎక్కువ పోశారని మాత్రం చెప్పాను. అది నిజమే కదా."

మంగతాయారుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. యూనిఫాం మీద ఉంది కాబట్టి రెండూ మింగేసింది.

*

మెమో అంటించిన కుండీల్లోనే, సరిగ్గా 'ధరించరాదనియు' అన్న మాట పైన, తెల్లటి నూగులాంటిది కనిపించింది. మంగతాయారు ముందు దుమ్మనుకుంది. ఊదింది. పోలేదు.

"పూతేనా?"

తేజోమూర్తి తలూపాడు. మరి కొన్నాళ్లకి చూపించి అడగాల్సిన అవసరం లేకుండా పోయింది. వాసన వచ్చేసింది. ముందు లాకప్‌లో, తర్వాత వరండాలో, ఆ తర్వాత రోడ్డు మీద బస్టాపు దాకా. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో మర్చిపోయి బెంచీ మీదే కూర్చుంటున్నారు. జేబుదొంగ ఫిర్యాదులు చేయడం మానేశాడు.

ఆ వారమే రాష్ట్ర స్థాయి పరిశీలన బృందం వస్తుందని కబురొచ్చింది. అదే రోజు తానూ వస్తున్నానని జయసింహ ఫోన్ చేశాడు. ఎందుకో చెప్పలేదు. బేడీల చప్పుడు ఒక్కొక్కసారి ఫోన్లో కూడా వినిపిస్తుంది.

ముందుగా వచ్చింది పచ్చ కారు. శేషతల్పశాయి వెనక రాష్ట్రం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు దిగారు. ఆయన లాకప్ ముందు నిలబడి ఊపిరి బలంగా పీల్చి, ఒక్కసారి ఊగాడు.

"పూచింది! సార్, పూచింది! పథకం మొదలైన నాటి నుంచి ఏ ఠాణాలోనూ ఒక్క మొక్క పూచిన దాఖలా లేదు. టూటౌన్ చరిత్ర సృష్టించింది!"

"ఎవరు దీని సంరక్షకులు?" అని అడిగాడు రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన. "మొదటి పూతకి 'హరిత రత్న' బిరుదు ఇవ్వాలనుకుంటున్నాం. రాజధానిలో, వేదిక మీద."

వర్మ మంగతాయారు వైపు చూపించబోయాడు. ఆమె అంతకంటే ముందే ఒక అడుగు ముందుకేసింది. కిటికీలోంచి జయసింహ జీపు మలుపు తిరగడం ఆమెకి కనిపిస్తోంది.

"నాదేముందండి, నీళ్లు మోసినదాన్ని. శాయి గారు ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టకపోతే ఇవి ఏనాడో బూడిదైపోయేవండి. వీటిని బతికించింది ఆయనే. అంత పెద్ద వేదిక మీద ఓ హెడ్ కానిస్టేబుల్ పేరు చదివితే ఏం బాగుంటదండి?"

శేషతల్పశాయి వినయంగా నేల చూశాడు. ఆ వినయంలో తొందరుంది.

"సంరక్షకుల మార్పిడికి నాకు అధికారం ఉందనుకోండి..." అన్నాడు.

"అయితే కానివ్వండి సార్, మళ్లీ నెట్‌వర్క్ పోద్ది."

ఆయన తన ఫోన్ తీసి బొటనవేలు ఆనించాడు. తెర మీద పూలవాన కురిసింది. 'అభినందనలు! మీరు ఎనిమిది ప్రాణాలకు తల్లి అయ్యారు.' రాష్ట్ర పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో జయసింహ లోపలికి వచ్చాడు, వెనక ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లతో, చేతిలో కాగితంతో.

"పూత కనబడింది. ముద్దాయి ఎవరు?"

"సంరక్షకులా సార్?" మంగతాయారు తన ఫోన్ అందించింది. "ఇదిగోండి. ఇప్పుడే."

జయసింహ ఫోన్ చూశాడు. శేషతల్పశాయిని చూశాడు. ఆయన వెనకున్న రాష్ట్ర పెద్దల్ని చూశాడు. మార్పులు రాని ఆ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. తను మనుషుల్ని చూడనని చెప్పిన పెద్దమనిషి, ఆ క్షణంలో వరసగా ముగ్గురు మనుషుల్ని చూశాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దీనిపై కమిటీ వేయాలి," అన్నాడు.

*

కమిటీ అక్కడికక్కడే ఏర్పడింది. రాష్ట్ర పెద్దలిద్దరూ, జయసింహ, వర్మ. శేషతల్పశాయి అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబోయి, ఎందుకో కూర్చోలేక గోడకి ఆనుకున్నాడు. ఆయన పచ్చ చొక్కా చంకల్లో ముదురు పచ్చ అయింది.

అందరూ లాకప్‌లోకి వెళ్లారు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే జేబురుమాళ్లు తీసి ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన రుమాల్లోంచే చెబుతుంటే వర్మ రాశాడు.

"మొక్క చివరన గుత్తిగా కనిపిస్తున్నవి ఆకుల సామూహిక ముడత మాత్రమే. పుష్పం కాదు."

"పుష్పం కాదు," అని రాశాడు వర్మ, దగ్గుతూ.

"ఎలాంటి వాసనా లేదు."

వర్మ ఎడంచేత్తో ముక్కు గట్టిగా మూసుకుని, కుడిచేత్తో ఎలాంటి వాసనా లేదని రాశాడు.

"జాతి?" అన్నాడు జయసింహ.

"అలంకరణ మొక్క."

నలుగురూ సంతకాలు పెట్టారు. ఇంక సాక్షి సంతకం ఒక్కటే మిగిలింది. మొదటి రోజు నుంచి చేత్తో పెంచిన మనిషిది. వర్మ కాగితం మంగతాయారు ముందు పెట్టాడు.

"పెట్టేయండి. మీకూ మంచిదే కదా."

మంగతాయారు పెన్ను తీసుకుంది. మూత తీయలేదు.

"ఒక చిన్న అనుమానం సార్. ఇప్పుడిది గంజాయి కాదు కదండి?"

"కాదు."

"పెద్దయ్యాకే కానిది మొలకప్పుడు అయ్యుంటదా సార్?"

పెద్దాయన రుమాలు ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

"ఆ ముక్క కూడా రాసేయండి. సాయంత్రంలోపు ఆ కుర్రాడి కేసు తీసేస్తున్నట్టు కూడా. అప్పుడు పెడతాను."

"ఏంటమ్మా, బెదిరిస్తున్నావా?" అన్నాడు జయసింహ.

"ఎంత మాట సార్! సంతకం పెట్టేముందు వాసన చూసుకుంటున్నానంతే." ఆమె రుమాలు దించి హాయిగా పీల్చింది. "ఎందుకో గాని, నాకొక్కదానికే వస్తన్నట్టుంది."

గోడకి ఆనుకున్న శేషతల్పశాయి నుంచి సన్నటి మూలుగు వినిపించింది. "రాయండి సార్," అన్నాడాయన. "ఆ కుర్రవాడు వర్ధమాన హరిత ప్రేమికుడు."

రాశారు. మంగతాయారు సంతకం పెట్టింది, ఒక్క అక్షరం కూడా చెదరకుండా. ఇరవై రెండేళ్లలో కింద ఏముందో పూర్తిగా తెలిసి పెట్టిన మొదటి సంతకం అదే.

*

పెద్దలొస్తారని పొద్దున రావద్దన్నారు కాబట్టి తేజోమూర్తి ఆ రోజు సాయంత్రం సంతకం పెట్టడానికి వచ్చాడు.

"అక్కర్లేదు బాబూ, నీ కేసు పోయింది. ఇంటికెళ్లిపో," అంది మంగతాయారు.

అతను నమ్మలేదు. ఆమె కాగితం చూపించింది. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు. వంగి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. ఆమె లాఠీ అడ్డం పెట్టింది.

"చాల్లే. ఇకమీదట వంగ మొక్కలే పెంచు."

"సరే మేడమ్." గుమ్మం దాకా వెళ్లాడు.

"ఏయ్ ఆగాగు!" వర్మ పరుగున వచ్చాడు. "సొత్తు తీసుకోకుండా వెళ్తావేంటి? నేరం లేదు కాబట్టి స్వాధీనం చేసుకున్న వస్తువు సొంతదారుకి ఇచ్చేయాలి. నిబంధన." ఏసుపాదం వెనకాల తోపుడు బండి మీద ఎనిమిది కుండీలూ తోసుకొస్తున్నాడు. గుత్తులు గుత్తులుగా పూసి, బరువుకి ఒంగిపోయి, బండి కుదుపుకి ఘుమఘుమలాడిపోతున్నాయి.

తేజోమూర్తి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దు సార్!"

"వద్దంటే నమోదిత మొక్కల్ని వదిలేసినట్టు. అది వేరే కేసు."

"ఆ ఇంటాయన ఖాళీ చేయించేశాక నేనుండేది మా బాబాయి గారింట్లో సార్. వంతెన అవతల. అది వన్‌టౌన్ పరిధి!"

"అయితే?"

"ఆ కాగితం మీ కమిటీది సార్! వన్‌టౌన్‌ వాళ్లకి కమిటీ లేదు. ముక్కులున్నాయి! వంతెన ఇవతల ఇది అలంకరణ మొక్క. అవతల అడుగు పెట్టానంటే..."

అతను మంగతాయారు వైపు చూశాడు. బండి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, దూరంగా కనిపిస్తున్న వంతెన వైపు చూశాడు. తర్వాత బండి పిడి ఏసుపాదం చేతిలోంచి లాక్కుని, వెనక్కి తిప్పి, స్టేషన్‌లోకి తోసుకెళ్లాడు. ఒక్కో కుండీనీ దింపి లాకప్‌లో ఎక్కడివక్కడ పెట్టాడు. దీపం సరిచేశాడు. తనూ లోపలికెళ్లి, మూలన గోడకి చేరగిలబడి, చేయి చాపి ఊచల తలుపు లాక్కున్నాడు.

"తాళం వేసేయండి మేడమ్," అన్నాడు. "బయట నుంచి."